మిల్లు కాలనీలో బొమ్మల సినిమాల పండుగ

నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక బొమ్మల సినిమాల పండుగ బాధ్యత గౌరి తీసుకుంది. ఈమధ్య ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "మేడం, కొత్తగా నలుగురు పిల్లలు పనిలో సేరినారు. ప్రొజెక్టరు ఎలాగ పెట్టాలో నాను సెప్పగలను. మిగిలింది మీరు రాసీయండి," అంది.

"మిగిలింది అంటే ఏమిటే?" అన్నాను.

"మనం దెబ్బలాడుకున్నవన్నీ," అంది.

అందుకని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారు, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు పనికిరావు. విజయనగరంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పిల్లల కార్యక్రమాలు చూసేదాన్ని. నాటకాలు ఆడించాం, బొమ్మలు వేయించాం, కథలు చెప్పించాం. కానీ నా ఉద్యోగంలో రెండో సగమంతా ఒకే పనికి పోయింది. ఊరి శివారు కాలనీల్లో పెరుగుతున్న కుర్రపిల్లలకి, ఏడాదికోసారి, టిక్కెట్టు లేకుండా యానిమేషన్ సినిమాలు చూపించడం. టీవీలో వచ్చేవి కావు. ఏవేవో దేశాల్లో ఒకరిద్దరు కూర్చుని మట్టితోనో, కాగితంతోనో, ఊలుతోనో చేసిన పొట్టి సినిమాలు. తీసినవాళ్లకి ఉత్తరం రాస్తే చాలామంది సంతోషంగా అనుమతి ఇచ్చేవారు. సగం వాటిలో మాటలే ఉండవు. మాటలున్న వాటికి నేను తెర పక్కన మైకు పట్టుకుని తెలుగు చెప్పేదాన్ని.

వినడానికి ఆటలాగే ఉంటుంది. ఆటేమీ కాదు.

చీకటి చెయ్యడం

ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది పట్టపగలు చీకటి చెయ్యడం. కాలనీల్లో ఉండే కమ్యూనిటీ హాళ్లకి కిటికీలుంటాయి, రెక్కలుండవు. పైన వెంటిలేటర్లుంటాయి, అద్దాలుండవు. మా వ్యవస్థాపకులు రాఘవరావు గారి పాత విద్యార్థి ఒకాయన రాజాంలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. బస్తాల మీద కప్పే నల్ల టార్పాలిన్లు ఆయన దగ్గర అడిగి తెచ్చుకునేవాళ్లం. మొదట్లో ఈ పండుగని వేసవి సెలవుల్లో పెట్టాం. సందు లేకుండా టార్పాలిన్లు కట్టి, తలుపులు మూసి, సినిమా వేశాం. లోపల కుంపటి. పిల్లలు నీళ్లలో మునిగి లేచినట్టు బయటికొచ్చారు. ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటినుంచి డిసెంబరుకి మార్చాం. తలుపు ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంచి, వెలుతురు రాకుండా దానికి దళసరి పరదా కట్టాం. చీకటి గదిలో కూర్చున్నవాళ్లకి ఏ క్షణమైనా లేచి పోగలమన్న ధైర్యం ఉండాలి. ఇది మరచిపోకండి.

రాఘవరావు గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకసారి ప్రొజెక్టరు చెడి, తెర మధ్యలో పసుప్పచ్చ మరక పడుతోంది. మా కార్యకర్త ఒకతను, "ఫ్రీ షోయే కదండీ, సర్దుకుంటారు," అన్నాడు. ఆయన సినిమా ఆపించేశారు. పిల్లల ముందుకి వెళ్లి, "ఇది మీకు చూపించదగ్గట్టు లేదు. రేపు ఇదే వేళకి రండి," అని చెప్పి, అప్పటికప్పుడు విశాఖపట్నం బస్సెక్కి ఇంకొక ప్రొజెక్టరు పట్టుకొచ్చారు. తర్వాత మాతో అన్నారు: "డబ్బిచ్చి చూసేవాడు బాగోలేకపోతే తిట్టి లేచిపోతాడు. వీళ్లు మన మొహం చూసి ఊరుకుంటారు. ఆ మొహమాటాన్ని మనం వాడుకోకూడదమ్మా."

ఆ మాట మీద నా ఉద్యోగం అంతా నడిచింది.

అలాగని ఆయనలో లోపం లేదనను. ప్రతి సినిమా తర్వాత దాని నీతి ఏమిటో వివరించేవారు. సినిమా కన్నా వివరణ పెద్దది. ఒకసారి ముందు వరసలో ఒక బుడతడు లేచి, "సార్, మీరైపోయాక ఇంకో సినిమా ఉన్నాదా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది, ఆయనా నవ్వారు. ఆ మర్నాటి నుంచి ఉపన్యాసం లేదు. తప్పు తెలిశాక ఒక్క రోజులో మారిన పెద్దమనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

గ్రిల్లు బయట

ఆరోగ్యం బాగోక రాఘవరావు గారు తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి వేణుగోపాల్ గారు వచ్చారు. బ్యాంకు మేనేజరుగా చేసి వచ్చినాయన. చెడ్డవారు కాదు. మంచి ప్రొజెక్టరు, మంచి స్పీకర్లు, విరగని కుర్చీలు ఆయన పుణ్యమే. అయితే ఆయనకి ఒక భయం ఉండేది. పండుగకి పిలిచిన అతిథి వచ్చే వేళకి హాలు ఖాళీగా కనిపిస్తుందేమోనని. ఆ భయంతో ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలుతో మాట్లాడి, రెండు బస్సుల పిల్లల్ని రప్పించారు. నేను వద్దన్నాను. "పిల్లలు పిల్లలే కదా భారతి గారూ," అన్నారు. అక్కడితో మాట ఆగిపోయింది.

ఆ ఏడు పండుగ మిల్లు కాలనీలో. ఎప్పుడో మూతపడ్డ జనపనార మిల్లు వెనక, పనివాళ్లకి కట్టిన ఇళ్లు. మిల్లు పోయినా జనం ఉండిపోయారు. ఆటోలు తోలేవాళ్లు, హాస్టళ్లలో ఊడ్చేవాళ్లు, హైదరాబాదు, చెన్నై వెళ్లి కట్టుబడి పనులు చేసేవాళ్లు. మా పండుగ వాళ్ల పిల్లల కోసమే.

నేను లోపల మైకు దగ్గర ఉన్నాను. హాలు నిండా టై కట్టుకున్న పిల్లలు. రెండు సినిమాలయ్యాక నీళ్లు తాగుదామని బయటికి వస్తే, వరండా గ్రిల్లు వేసి ఉంది. దాని అవతల కాలనీ పిల్లలు నిలబడి ఉన్నారు. శుభ్రంగా తలలు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చినవాళ్లు. కుర్చీలు నిండిపోయాయని మా కార్యకర్తే గ్రిల్లు వేసేశాడట.

అందరికన్నా ముందు ఒక అమ్మాయి, ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నది, ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమే గౌరి.

"మా కాలనీలో సినిమా ఏసి మమ్మల్నే బైట నిలబెట్టీసేరు. ఇదేటి నాయం మేడం?"

"ఇప్పుడే తీయిస్తానమ్మా, లోపలికి రండి," అన్నాను.

"ఇప్పుడొచ్చి ఎక్కడ కూకుంటాం? ఆల ఒళ్లోనా?" అంది. వెనక్కి తిరిగి, "పదండర్రా," అంది. అందరూ వెళ్లిపోయారు. గ్రిల్లు తీసేసరికి వరండా బయట ఎవరూ లేరు.

మర్నాడు పేపర్లో ఫోటో చాలా బాగా వచ్చింది. హాలు కిక్కిరిసి ఉంది.

తాళం

మరుసటి ఏడు హాలు కోసం కబురు పెడితే ఖాళీ లేదన్నారు. నేను వెళ్లి చూశాను. తాళం వేసి ఉంది, లోపల పావురాలు తప్ప ఎవరూ లేరు. వేణుగోపాల్ గారు తేలిగ్గా తీసుకున్నారు. "ఊళ్లో కాలనీలు లేవా? ఇంకో చోట పెడదాం," అన్నారు.

"ఇంకో చోట కూడా పెడదాం సార్. కానీ ఇక్కడ మానేస్తే, మన గురించి వాళ్లు అనుకున్నదే నిజమని ఒప్పుకున్నట్టు," అన్నాను.

కమ్యూనిటీ హాలు తాళం గౌరి మేనమామ అప్పలనాయుడి దగ్గర ఉంటుంది. ఆటో తోలతాడు. స్టాండులో పట్టుకున్నాను. అతను మర్యాదగా టీ తాగించి, ఉన్నమాట చెప్పాడు.

"తాళం నా దగ్గరే ఉన్నాది మేడం. ఇమ్మంటే ఇప్పుడే ఇచ్చీగలను. గుంటలకే, మా పిల్లలకే, మనసు నేదు. ముందు ఆలని అడగండి. ఆలు ఒప్పుకుంటే నానే తలుపులు తీసి, తుడిసి పెడతాను."

గౌరి ఇంటికి వెళ్లాను. కూర్చోమని స్టూలు వేసింది గానీ మొహం మాత్రం తిప్పుకునే ఉంది. ఏం చేస్తే వస్తారని అడిగాను. ఆలోచించుకోవడానికి టైము కావాలంటుందనుకున్నాను. ఆలోచించే పెట్టుకుంది.

"ముందు మా కాలనీ పిల్లలు కూకోవాల. మిగిల్తే ఎవులైనా కూకోవచ్చు. ఇంకోటి, సినిమాలు మేం ఎంచుతాం."

"ఎంచడం అంటే వందల సినిమాలు చూడాలే. ఎక్కువ భాగం బాగోవు. నెలల పని."

"మాకు ఆదివారాలు ఉన్నాయి," అంది.

వేణుగోపాల్ గారిని ఒప్పించడానికి వారం పట్టింది. బస్సులు రాకూడదన్న దగ్గర ఆయన గట్టిగా పట్టుపట్టారు. "కుర్చీలు ఖాళీగా ఉంటే బాధ్యత ఎవరిది?" అన్నారు.

"నాది," అన్నాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది ఆ ఒక్క మాట అనడం. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు అనవలసి వస్తుంది. అనండి.

ఎంపిక

గౌరితో పాటు నలుగురైదుగురు ఆదివారాలు మా ఆఫీసుకి వచ్చేవారు. మొదట్లో తరుముకునేవి, కొట్టుకునేవి, పడిపోయేవి ఎంచారు. ఊరుకున్నాను. కొన్ని వారాలకి వాళ్లకే విసుగొచ్చింది. తర్వాత తర్వాత వాళ్ల మాటలు వింటుంటే, ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే కూర్చుని సినిమాలు ఎంచి ఎంత నష్టపోయానో తెలిసింది. పర్యావరణం మీద ఒక సినిమా నాకు బాగా నచ్చింది. "ఇది మనకి బుద్ది సెప్పడానికి తీసేరు. తీసీండి," అన్నారు. మళ్లీ చూస్తే నిజమే.

ఒక ఆదివారం మట్టిబొమ్మల సినిమా ఒకటి వేశాను. మాటలు లేవు, వెనక వయొలిన్ ఒక్కటే. ఒక తండ్రి మబ్బుల్లోకి వెళ్లే గోపురం కడుతుంటాడు. రోజూ ఇటుకలు మోసుకుని పైకెక్కుతాడు. గోపురం పెరుగుతున్నకొద్దీ ఇంటికి రావడం ఆలస్యమవుతుంది. కొడుకు కింద నుంచి తాడు కట్టి అన్నం క్యారేజీ పంపిస్తాడు. ఖాళీ క్యారేజీలో తండ్రి పైనుంచి ఏదో ఒకటి పెట్టి దించుతాడు. ఒక ఈక, ఒక మబ్బు తునక. ఒకరోజు పైకి వెళ్లిన క్యారేజీ వెళ్లినట్టే దిగుతుంది. అన్నం ముట్టలేదు. తండ్రి ఇక దిగిరాడు. పిల్లవాడు పెద్దవాడై, నేల మీద ఒక చిన్న ఇల్లు కడతాడు. మెట్లే లేని ఇల్లు.

సినిమా అయ్యాక గౌరి, "ఇదెయ్యాల," అంది.

వేణుగోపాల్ గారు చూశారు. చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వద్దండీ," అన్నారు. "వీళ్ల బతుకుల్లో ఏడుపు సరిపోయినంత ఉంది. ఆ ఒక్క పూటైనా నవ్వించి పంపిద్దాం. పైగా ఆ కాలనీలోనే ఉన్నారు కదా, ఆ నరసమ్మ వాళ్లు."

నరసమ్మ భర్త హైదరాబాదులో కడుతున్న బిల్డింగు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి ఏడాది దాటింది. ఆమెకి చంటి అని పదేళ్ల కొడుకు. వేణుగోపాల్ గారి మాట తీసిపారేయదగ్గది కాదు. నాకూ లోపల అదే భయం. ఇది పిల్లలతో అంటే గౌరి ఒక్క ప్రశ్న వేసింది.

"ఆవిణ్ణి ఎవులైనా అడిగేరా?"

ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ల పనిలో నేను చూసిన జాలి చాలావరకు ఇలాంటిదే. ఎవరి మీద జాలిపడుతున్నామో వాళ్లని తప్ప అందరినీ సంప్రదిస్తాం.

గౌరి అడుగుతానంది. నన్ను రమ్మంది, మాట్లాడొద్దంది. మేము వెళ్లేసరికి నరసమ్మ కాలేజీ హాస్టలు పని నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. గౌరి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, తనూ నాలుగు కాయలు తీసుకుని వలుస్తూ, సినిమా కథంతా చెప్పింది. ఏదీ దాచలేదు. క్యారేజీ దిగిరావడం దగ్గర నరసమ్మ చేతులు ఆగిపోయాయి.

కాయలు పక్కన పెట్టి అంది: "మా ఇంట్లో ఆయన మాటెత్తితే పిల్లోడు లెగిసి ఎల్లిపోతాడు. ఆడికోసం నానూ ఎత్తడం మానీసేను. ఇప్పుడు ఆయన పేరు ఈ ఇంట్లో ఎవులం అనం."

"వద్దంటే ఎయ్యం పిన్నీ. నిజంగానే," అంది గౌరి.

"మాకోసం ఆపకండి. ఎయ్యండి. వస్తే వస్తాం, నేకపోతే నేదు."

వేణుగోపాల్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. "అతిథి ముందు ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళ్తే?" అన్నారు.

"పరదా ఎత్తి పట్టుకుంటాను సార్. సినిమా మాత్రం పడుతుంది. మీరు తీసేయదలచుకుంటే ఆ పూట మైకు దగ్గరికి ఇంకెవరినైనా చూసుకోండి."

అంతకుముందు ఆయనతో నేను ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన, "కానివ్వండి," అన్నారు.

ఆ ఆదివారం

అప్పలనాయుడు మాట నిలబెట్టుకున్నాడు. మేము వెళ్లేసరికి హాలు కడిగి ఉంది, పావురాలు లేవు. కాలనీ కుర్రాళ్లే టార్పాలిన్లు కట్టారు. గౌరి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపింది. కుర్చీలన్నీ నిండాయి. పెద్దవాళ్లు గోడల వెంట నిలబడ్డారు. అతిథిగా వచ్చిన అధికారిణి కొంచెం ఆలస్యంగా వచ్చి, ఎవరూ లేవక్కర్లేదని చేత్తో చెప్పి, వెనక బెంచీ మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు.

నరసమ్మ వచ్చింది. చంటిని పట్టుకుని పరదా పక్కన చివరి కుర్చీల్లో కూర్చుంది. ఎందుకు అక్కడే కూర్చుందో నాకు అర్థమైంది. మైకుతో పని అయ్యాక నేను కూడా ఆ పరదా దగ్గరకే వెళ్లి నిలబడ్డాను.

మొదటి సినిమాలకి పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాత గోపురం సినిమా మొదలైంది. ఈ పనిలో ఉన్నవాళ్లు తెర చూడకూడదు, చూసేవాళ్లని చూడాలి. నేను చంటినే చూస్తున్నాను. ముట్టని అన్నంతో క్యారేజీ దిగుతున్నప్పుడు వాడు కుర్చీ అంచుకి జరిగాడు. కాళ్లు నేలకి ఆన్చాడు. లేస్తాడనుకుని నేను పరదా మీద చెయ్యి వేశాను. లేవలేదు. అలాగే, కాళ్లు ఆన్చి, చివరిదాకా చూశాడు.

లైట్లు వేశారు. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. కార్యక్రమం ప్రకారం ఇప్పుడు అతిథి నాలుగు మాటలు చెప్పాలి. వేణుగోపాల్ గారు ఆమెని పిలవడానికి మైకు తీసుకున్నారు.

నరసమ్మ లేచి నిలబడింది.

"ఇంకోపాలి ఎయ్యండి," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. వేణుగోపాల్ గారు, "ఏమ్మా?" అన్నారు.

"ఇదే. ఇంకోపాలి ఎయ్యండి బాబూ. ఇందాక నాను బొమ్మ సూడనేదు. ఈడు లెగిసి ఎల్లిపోతాడేమోనని ఈడినే సూస్తన్నాను. ఈడు ఎల్లనేదు. ఇప్పుడు నానూ సూస్తాను."

వేణుగోపాల్ గారు అతిథి వైపు చూశారు. నావైపు చూశారు. మైకుని స్టాండులో పెట్టేశారు. తనే నడుచుకుంటూ స్విచ్చుల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క ట్యూబులైటూ ఆర్పేశారు. ఆయన మీద నాకున్న కోపం అంతా ఆ చీకటితో పోయింది.

రెండోసారి మొదలైంది. ఎవరూ కదల్లేదు. అందులో ఒకచోట, తండ్రి గోపురం మీద కాళ్లు వేలాడేసుకుని అన్నం తింటుంటాడు. ఒక పక్షి వచ్చి ముద్ద ఎత్తుకుపోతుంది. అతను దాన్ని అదిలిస్తాడు. అది మళ్లీ వస్తుంది. చివరికి అతను నెత్తి కొట్టుకుని, నీకొకటి నాకొకటి అన్నట్టు వంతులేసి పంచుతాడు. పక్షి వంతు తర్వాత తన వంతు. పక్షి తొండి చేసి రెండు తింటుంది.

చీకట్లో ఎవరో ఫక్కున నవ్వారు. నరసమ్మ.

"మీ నాన్న అచ్చం ఇలాగే," అంది. మెల్లిగా అన్నాననుకుంది గానీ మా అందరికీ వినిపించింది. "కాకులకి పెట్టకుండా ముద్ద దిగీది కాదు ఆయనకి. ఒక కాకి అయితే మరీని, ఈయన గొంతు ఇంటే సాలు, గోడ మీదకొచ్చి కూకునీది. నాను కేకలేస్తే, నీ వంటకి మెచ్చి వచ్చిందే అనీవోడు."

చంటి తెర వైపు చూడడం మానేశాడు. తల్లి వైపు పూర్తిగా తిరిగాడు.

"ఇంకేటి సేసీవోడు?" అని అడిగాడు.

నేను వెళ్లి సౌండు కొంచెం తగ్గించాను.